జీతం, గది, వీసా: జపాన్‌లో నోవా కూలిపోయిన కథ

ఈరోజు కథలోకి వెళ్లే ముందు నా సంగతి ఒకటి చెప్తాను.

డిగ్రీ అయిన ఏడాది అమీర్‌పేటలో ఒక స్పోకెన్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. నెలనెలా కడితే ఎక్కువవుతుంది, ఆరు నెలలది ఒకేసారి కట్టేస్తే బాగా తగ్గుతుంది అన్నారు. అమ్మ చీటీ పాడి తెచ్చిన డబ్బులోంచి తీసి కట్టేశాను. రెండు నెలలు తిరక్కముందే ఒక సోమవారం పొద్దున వెళ్లి చూస్తే షట్టర్‌కి తాళం. ఇరవై మందిమి కింద నిలబడి ఉన్నాం. అంతలో మాకు పాఠం చెప్పే సార్ బండి మీద వచ్చారు. ఇంకేముంది, అందరం ఆయన మీద పడ్డాం. డబ్బులు ఎప్పుడిస్తారు, ఓనర్ ఎక్కడ అని అరిచాం. నేను కూడా అరిచాను. ఆయన కాసేపు విని, "నాకే రెండు నెలల జీతం రావాలమ్మా, నేను కూడా తాళం చూడ్డానికే వచ్చాను" అన్నారు. ఆ మాటని మాలో ఎవరం నమ్మలేదు.

చాలా ఏళ్ల తర్వాత జపాన్‌లో నోవా అనే కంపెనీ గురించి చదువుతుంటే ఆ సారే గుర్తొచ్చారు. అక్కడ జరిగింది కూడా ఇదే. కాకపోతే మాది ఒక్క షట్టర్, వాళ్లవి వందల షట్టర్లు. మేము ఇరవై మందిమి, వాళ్లు దాదాపు 3 లక్షల మంది. మాకు ఒక్క సార్, అక్కడ సుమారు 4 వేల మంది టీచర్లు. వాళ్లలో ఎక్కువమంది ఇల్లు వదిలి సముద్రాలు దాటి వచ్చినవాళ్లు.

మొదటి నుంచి చెప్పుకుందాం.

జపాన్‌లో పిల్లలు స్కూల్లో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ చదువుతారు. గ్రామర్ వస్తుంది, పరీక్ష రాస్తారు. నోరు తెరిచి మాట్లాడమంటే మాత్రం ఆగిపోతారు. మనలో తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఆ లోటు తీర్చడానికి అక్కడ పుట్టిన వ్యాపారమే ఎయ్‌కైవా, అంటే ఇంగ్లిష్ సంభాషణ. 1981లో ఒసాకాలో నోజొము సరుహాషి అనే యువకుడు నోవా మొదలుపెట్టాడు. ఇంటిపేరుని కొందరు సహాషి అని కూడా పలుకుతారు, నేను సహాషి అనే అంటాను. ఆయన పారిస్‌లో చదువుకుని వచ్చాడు. విదేశానికి వెళ్లకపోయినా విదేశీయుడితో మాట్లాడే అవకాశం ఇస్తే జనం డబ్బు కడతారని ఆయనకి అర్థమైంది.

నోవా నినాదం 'ఎకిమాయె ర్యూగకు'. అంటే 'స్టేషన్ ఎదురుగానే విదేశీ చదువు'. జపాన్‌లో జనజీవితమంతా రైల్వే స్టేషన్ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి శాఖలన్నీ స్టేషన్ల పక్కనే పెట్టారు. ఆఫీసు అయిపోయాక రైలు దిగి, ఒక పాఠం విని ఇంటికెళ్లిపోవచ్చు. తర్వాత పక్షి ముక్కున్న గులాబీ రంగు కుందేలు బొమ్మ ఒకటి టీవీ ప్రకటనల్లోకి వచ్చింది. చిన్నపిల్లలకి కూడా ఆ బొమ్మ తెలుసు. 1996లో కంపెనీ జాస్‌డాక్ మార్కెట్‌లోకి ఎక్కింది. పెద్దదైన రోజుల్లో శాఖలు 900 దాటాయి, విద్యార్థులు 4 లక్షలు దాటారు. దేశంలో ఆ వ్యాపారంలో దానిదే మొదటి స్థానం.

ఇంత వేగంగా పెరగడానికి డబ్బు ఎక్కడిది? ఇక్కడ రెండు విషయాలు చూడాలి.

మొదటిది ప్రభుత్వ సాయం. 1998లో జపాన్ ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ఉద్యోగ బీమా కట్టేవాళ్లు ప్రభుత్వం గుర్తించిన కోర్సు నేర్చుకుంటే ఫీజులో 80 శాతం ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. 2001 నాటికి ఆ పరిమితి 3 లక్షల యెన్లకి పెరిగింది. జనం ఇంగ్లిష్ క్లాసులకి ఎగబడ్డారు. 2003లో ప్రభుత్వం దాన్ని 40 శాతానికి కోసేసింది. గాలి తగ్గింది, కానీ నోవా శాఖలు తెరవడం ఆపలేదు.

రెండోది పాయింట్లు. అసలు కథంతా దీనిలోనే ఉంది. నోవాలో నెల ఫీజు కాదు, ముందే పాయింట్లు కొనుక్కోవాలి. ఒక పాఠానికి ఒక పాయింటు. ఎక్కువ కొంటే ఒక్కో పాయింటు చవక. 600 పాయింట్లు ఒకేసారి కొంటే ఒక్కోటి 1,200 యెన్లకే వస్తుంది. మొత్తం కలిపితే 7 లక్షల 20 వేల యెన్లు, ఇంకా చెప్పని పాఠాలకి ముందే చేతికొచ్చిన డబ్బు. కంపెనీ దాన్ని ఏం చేసింది? కొత్త శాఖలు, కొత్త ప్రకటనలు. మరి నిన్న డబ్బు కట్టినవాళ్లకి రేపు పాఠం చెప్పడానికి టీచర్ జీతం ఎలా ఇవ్వాలి? రేపు చేరేవాళ్ల డబ్బుతో. మన చీటీల భాషలో చెప్పాలంటే, కొత్తవాళ్లు చేరుతున్నంత కాలం చీటీ నడుస్తుంది. చేరడం ఆగిన రోజు పాట ఎత్తాల్సినవాళ్లకి చేతిలో ఏమీ ఉండదు.

పైగా పాయింట్లు కొన్నవాళ్లకి కావలసిన టైంలో పాఠం దొరికేది కాదు. ఎప్పుడైనా బుక్ చేసుకోవచ్చని చేర్చుకునేవాళ్లు, తీరా సాయంత్రాలు, వారాంతాలు అన్నీ నిండిపోయి ఉండేవి. విసిగిపోయి మానేస్తామంటే ఇంకో మెలిక. ఈ లెక్క జాగ్రత్తగా వినండి. మీరు 600 పాయింట్లు 1,200 చొప్పున కొన్నారు. 300 వాడుకుని మానేశారు. మామూలు లెక్కలో మిగిలిన 300 పాయింట్లకి 3 లక్షల 60 వేలు మీకు రావాలి, చట్టం ఒప్పుకున్న రద్దు రుసుము పోను. కానీ కంపెనీ ఏమంటుందంటే, 'మీరు వాడింది 300 కాబట్టి, 300 మాత్రమే కొన్నవాళ్ల రేటు మీకు వర్తిస్తుంది'. ఆ రేటు ఎక్కువ. దాంతో వాడుకున్న పాఠాల ఖరీదు పెరిగిపోతుంది, తిరిగొచ్చే డబ్బు తరిగిపోతుంది.

ఒక విద్యార్థి దీని మీద కోర్టుకెళ్లాడు. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. 2007 ఏప్రిల్ 3న తీర్పు వచ్చింది: కొన్న రేటుతోనే లెక్క కట్టాలి, వేరే లెక్క చట్టవిరుద్ధం. అప్పటికే ఫిబ్రవరిలో ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖ అధికారులు నోవా కార్యాలయాల్లో తనిఖీలు చేశారు. జూన్ 13న ఆ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. 18 రకాల ఉల్లంఘనలు దొరికాయి. శిక్ష ఏమిటంటే, ఏడాది దాటిన లేదా 70 గంటలు దాటిన కొత్త ఒప్పందాలు ఆరు నెలల పాటు చేసుకోకూడదు.

వినడానికి చిన్న శిక్షలా ఉంది కదా? స్కూళ్లు మూసేయమనలేదు, పాఠాలు ఆపమనలేదు. పెద్ద ప్యాకేజీలు అమ్మొద్దన్నారు, అంతే. కానీ నోవా ఊపిరి పీల్చేదే ఆ పెద్ద ప్యాకేజీల మీద. ఇటు కొత్త డబ్బు ఆగింది. అటు వార్త విన్న పాత విద్యార్థులు మా డబ్బు మాకివ్వండి అని వరుసకట్టారు. సుప్రీం కోర్టు తీర్పు వల్ల వాళ్లకి ఇవ్వాల్సింది కూడా పెరిగింది. రెండు వైపుల నుంచీ ఒకేసారి దెబ్బ.

ఇప్పుడు టీచర్ల దగ్గరికి వద్దాం.

వీళ్లెవరు? ఎక్కువమంది బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా, న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఇరవై, ముప్పై ఏళ్లలోపు వాళ్లు. డిగ్రీ ఉంటే చాలు, నోవా వాళ్ల దేశంలోనే ఇంటర్వ్యూ చేసి తీసుకునేది. నెలకి రెండున్నర లక్షల యెన్ల దాకా జీతం. చదువు అప్పు తీర్చుకోవచ్చు, కొత్త దేశం చూడొచ్చు. మన పిల్లలు ఆఫర్ లెటర్ పట్టుకుని శంషాబాద్‌లో విమానం ఎక్కినంత ఉత్సాహంగానే వాళ్లూ నరీతాలో దిగేవాళ్లు.

దిగగానే అన్నీ కంపెనీయే చూసుకునేది. వీసాకి స్పాన్సర్ కంపెనీయే. ఉండటానికి గది కూడా కంపెనీయే ఇప్పించేది. జపాన్‌లో విదేశీయుడికి ఇల్లు అద్దెకి దొరకడం కష్టం. అడ్వాన్సు కాకుండా ఓనర్‌కి కానుకలాగా 'రెయ్‌కిన్' అని కొంత ఇవ్వాలి, అది తిరిగి రాదు. హామీ ఉండే మనిషి కావాలి. నిన్న దిగినవాడికి హామీ ఎవరుంటారు? అందుకని కంపెనీ తీసుకున్న అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి ఉండేవాళ్లు. అద్దె జీతంలోంచి కోసుకునేవాళ్లు.

అన్నీ బాగున్నప్పుడు ఇది సౌకర్యమే. కానీ గమనించండి: జీతం, గది, వీసా మూడూ ఒకే చేతిలో ఉన్నాయి. ఆ చెయ్యి వణికితే మూడూ ఒకేసారి జారిపోతాయి.

జూలై నుంచే జపనీస్ సిబ్బంది జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. సెప్టెంబర్‌లో విదేశీ టీచర్ల జీతాలు కూడా ఆలస్యమయ్యాయి. సహాషి శాఖలన్నిటికీ ఫ్యాక్సులు పంపేవాడు: కాస్త ఓపిక పట్టండి, డబ్బు వస్తోంది. అక్టోబర్ 15న రావలసిన జీతం రానే లేదు. ఈలోపు మరో సంగతి బయటపడింది. టీచర్ల జీతంలోంచి అద్దె అని కోసుకున్న డబ్బు చాలా చోట్ల ఇంటి ఓనర్లకి చేరనే లేదు. తాము కట్టేశామనుకున్న అద్దెకి, 'బాకీ ఉంది, ఖాళీ చేయండి' అని తలుపు మీద నోటీసు. భాష రాని దేశంలో అలాంటి కాగితం చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

అయినా చాలామంది పాఠాలు చెప్తూనే ఉన్నారు. ఎందుకు? కొందరికి విద్యార్థుల మొహం చూస్తే మానాలనిపించలేదు. కొందరికి ఆశ. కొందరికి ఒక లెక్క ఉంది, అది తెలుసుకోవాలి. అప్పట్లో తొందరపడి తమంతట తామే రాజీనామా చేస్తే నిరుద్యోగ భృతి వెంటనే వచ్చేది కాదు, నెలలు ఆగాల్సి వచ్చేది. జీతం ఇవ్వకపోవడం వల్లే మానేశామని చూపించగలిగితే ఆ ఆలస్యం ఉండదు. ఇదంతా వాళ్లకి చెప్పింది యూనియన్లు. ఒసాకాలో జనరల్ యూనియన్, టోక్యోలో నంబు యూనియన్ మీటింగులు పెట్టి, ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో వివరించాయి. 'అన్నానికి పాఠం' అని ఒక ప్రయత్నం కూడా చేశారు. జీతం లేని టీచర్ పాఠం చెప్తాడు, విద్యార్థి భోజనం పెడతాడు. వినడానికి బాగుంటుంది కానీ, డిగ్రీ పట్టా ఉన్న మనిషి పూట గడవడం కోసం ఆ పని చేశాడు.

అక్టోబర్ 25 రాత్రి డైరెక్టర్లు సమావేశమై సహాషిని పదవి నుంచి తీసేశారు. మర్నాడు, శుక్రవారం, ఒసాకా జిల్లా కోర్టులో కంపెనీ రక్షణ కోరుతూ దరఖాస్తు పెట్టుకుంది. అప్పులు సుమారు 4,390 కోట్ల యెన్లు. ఆ రోజు పొద్దున పనికెళ్లిన టీచర్లు, పాఠానికి వచ్చిన విద్యార్థులు తలుపు మీద కాగితం చూసి వెనక్కి వెళ్లారు.

కోర్టు నియమించిన అధికారులు కొద్దిరోజుల్లోనే ఒసాకాలో సహాషి ఆఫీసుని విలేకరులకి తెరిచి చూపించారు. ఆఫీసు గది వెనక పడకగది, ఆవిరి స్నానాల గది, టీ గది. అద్దె కట్టలేదని గెంటేయబడుతున్న టీచర్లు ఆ దృశ్యాన్ని టీవీలో చూశారు.

టీచర్లు ఏమయ్యారు? మూడు దారులు. కొందరు ఇంటికి వెళ్లిపోయారు. ఆస్ట్రేలియా వాళ్ల కోసం క్వాంటస్ విమాన సంస్థ టికెట్ల ధర తగ్గించింది. కొందరు అక్కడే వేరే పని వెతుక్కున్నారు. ఒకేసారి వేల మంది ఉద్యోగాల కోసం బయటపడితే పోటీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మూడో దారి, నవంబర్‌లో వచ్చింది. నగోయాకి చెందిన జీ కమ్యూనికేషన్ అనే సంస్థ కొన్ని శాఖల్ని తీసుకుని, పాత టీచర్లలో కొందరిని పనిలో పెట్టుకుంది. నవంబర్ 26న పాత నోవా దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించింది.

రావలసిన జీతం సంగతి? ఇక్కడ జపాన్ చట్టాన్ని మెచ్చుకోవాలి. కంపెనీ దివాలా తీస్తే, ఆగిపోయిన జీతంలో 80 శాతం దాకా, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వ సంస్థ ముందుగా చెల్లిస్తుంది. స్వదేశీయా విదేశీయా అన్న తేడా లేదు. కాకపోతే కాగితాలు పెట్టాలి, ఆగాలి. చేతిలో డబ్బు లేక ముందే విమానం ఎక్కేసినవాళ్లకి అది ఎంత కష్టమో ఊహించండి. విద్యార్థుల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్లు కొన్న పాయింట్లకి ఏ బీమా లేదు. అప్పులవాళ్ల వరుసలో పన్నులు, జీతాల తర్వాత ఎక్కడో వెనక వాళ్ల స్థానం.

ఇంకో ముఖ్యమైన విషయం. చాలామంది టీచర్లు, కంపెనీ పోతే వీసా కూడా పోయినట్టే అని భయపడ్డారు. నిజానికి అది తప్పు. జపాన్‌లో ఆ వీసా మనిషి పేరు మీద ఉంటుంది, కంపెనీ పేరు మీద కాదు. గడువు ఉన్నంత వరకు అదే రకం పని వేరేచోట చేసుకోవచ్చు. స్పాన్సర్ చేసింది కంపెనీ కాబట్టి వీసా కూడా వాళ్లదే అన్న భ్రమలో ఉండిపోయారు. మూడింటిలో ఒకటి నిజంగా వాళ్ల చేతిలోనే ఉంది. ఆ సంగతే వాళ్లకి తెలియదు.

2008 జూన్‌లో సహాషిని అరెస్టు చేశారు. ఆరోపణ ఏమిటో వినండి. ఉద్యోగుల సంక్షేమం కోసం దాచిన నిధిలోంచి 32 కోట్ల యెన్లు మళ్లించాడని. ఎందుకు మళ్లించాడు? మానేస్తామన్న విద్యార్థులకి డబ్బు తిరిగివ్వడానికి. అంటే విద్యార్థుల కోపం చల్లార్చడానికి ఉద్యోగుల సొమ్ము వాడారు. 2009 ఆగస్టులో కింది కోర్టు మూడున్నరేళ్ల జైలు వేసింది, 2010 డిసెంబర్‌లో హైకోర్టు దాన్ని రెండేళ్లకి తగ్గించింది.

జపాన్ దీంతో నేర్చుకుందా? 2010 ఏప్రిల్‌లో జియోస్ అనే మరో పెద్ద గొలుసు దివాలా తీసింది. 99 శాఖలు మూసేశారు, 230 శాఖల్ని అదే జీ కమ్యూనికేషన్ తీసుకుంది. కొన్ని నెలల ముందే ఆస్ట్రేలియాలో జియోస్ కాలేజీలు మూతపడి అక్కడ రెండు వేల మందికి పైగా విద్యార్థులు ఇరుక్కున్నారు. నోవా పేరు మాత్రం యజమానులు మారుతూ ఇప్పటికీ నడుస్తోంది. కుందేలు కూడా ఉంది.

ఇది దూరదేశం కథ అనుకోవద్దు. 2016లో సౌదీలో ఓజర్ అనే నిర్మాణ సంస్థ జీతాలు ఆపేస్తే వేలమంది భారతీయ కార్మికులు క్యాంపుల్లో చిక్కుకున్నారు, మన దౌత్య కార్యాలయం వాళ్లకి తిండి పెట్టాల్సి వచ్చింది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ జీతం ఆగడమంటే ఏమిటో తెలియని వాడకట్టు ఉండదు. అక్కడా జీతం, గది, వీసా ఒకే చేతిలో. నోవా టీచర్లకి ఉన్న ఒక్క వెసులుబాటు, అంటే కంపెనీని అడగకుండా వేరే పనికి మారే హక్కు, అప్పట్లో సౌదీలో ఉన్న మనవాళ్లకి అది కూడా లేదు. అందుకే విదేశానికి వెళ్లే ముందు జీతం ఎంత అని అడిగినట్టే ఇంకో రెండు అడగండి: గది ఎవరి పేరు మీద ఉంటుంది? కంపెనీ మూతపడితే నా వీసాతో నేనేం చేయొచ్చు? ఆ జవాబు ఏజెంటుని కాదు, ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌ని అడగండి. ఇక్కడే ఉండి ఫీజు కట్టేవాళ్లు, తగ్గింపు ఎంత పెద్దదైతే అంత అనుమానించండి. ఇంకా చెప్పని పాఠానికి మీరు కట్టే డబ్బు, లెక్క ప్రకారం, మీరు వాళ్లకిచ్చే అప్పు.

చివరిగా నోవా రిసెప్షన్‌లో కూర్చున్న జపనీస్ అమ్మాయిల గురించి. వాళ్ల జీతాలు టీచర్లకన్నా ముందే ఆలస్యమయ్యాయి. అయినా రోజంతా ఫోన్లు ఎత్తుతూ, ఎదురుగా నిలబడి అరిచే విద్యార్థులకి తలవంచి క్షమాపణ చెప్పింది వాళ్లే. యజమాని ఎవరికీ కనబడలేదు. కనబడింది వాళ్లు, అరుపులు పడిందీ వాళ్లే.

మా అమీర్‌పేట సార్‌ని ఆ సోమవారం తర్వాత నేను మళ్లీ చూడలేదు. ఓనర్‌ని అయితే మేమెవరం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు ఆయన్ని తిట్టే బదులు ఆయనతో కలిసి ఒక ఫిర్యాదు రాసుంటే ఇరవై ఒక్క సంతకాలు అయ్యేవి. ఎప్పుడైనా మీరు ఇలాంటి షట్టర్ ముందు నిలబడాల్సి వస్తే, మీ పక్కన నిలబడ్డ టీచర్‌ని ముందు ఒక్క మాట అడగండి: మీకు జీతం వచ్చిందా సార్?

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.